భూమి మధ్యవర్తి వృత్తి – కొత్తగా ప్రారంభించేవారికి ఒక పాఠం

గ్రామాలలో భూమి చేతులు మారే ప్రతి సందర్భంలోను అమ్మేవానికి, కొనేవానికి నడుమ ఒక మూడవ మనిషి ఉంటాడు. ఒకప్పుడు ఆ పనిని ఊరి పెద్దమనిషి నిర్వహించేవాడు. నేడు అది ఒక వృత్తిగా రూపొందినది. ఎరువుల దుకాణం నడిపేవారు, విత్తనాల డీలర్లు, ట్రాక్టర్ల ఏజెంట్లు, వ్యవసాయంతో పాటు మరొక ఆదాయ మార్గం వెదకుకొనే రైతు యువకులు అనేకులు ఈ వృత్తివైపు చూస్తున్నారు. ఊరూరా పరిచయాలు ఉండుట, ఏ రైతు భూమి అమ్మదలచినాడో, ఎవరి చేతిలో సొమ్ము ఉన్నదో ముందుగా తెలియుట వీరికి సహజమైన అనుకూలతలు.

అయితే పరిచయాలు మాత్రమే ఈ వృత్తికి పెట్టుబడి కావు. మాటకారితనం అంతకంటే కాదు. భూమి మధ్యవర్తి అసలు పెట్టుబడి కాగితాలను సరిగా చదవగల నేర్పు, చదివినదానిని దాచకుండా ఇరుపక్షాలకు చెప్పగల నిజాయితీ. ఈ పెట్టుబడికి బ్యాంకు అప్పు అవసరం లేదు, వడ్డీ లేదు. ఇది లేనివాడు మాత్రం ఇతరుల భూమితో పాటు తన భూమిని కూడ పోగొట్టుకొనగలడు. ఈ వృత్తిని ఎట్లు ప్రారంభించవలెనో, ఎక్కడ ఆగవలెనో ఈ పాఠంలో తెలుసుకొందాం.

మధ్యవర్తి స్థానం

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ఏజెంటు బాధ్యతలను వివరంగా చెప్పినది. ఏజెంటు తనను నియమించినవాని తరఫున పని చేయవలెను. అడిగినప్పుడు లెక్క చూపవలెను. యజమానికి తెలియకుండా ఆ వ్యవహారంలో సొంత లాభం చూసుకొనరాదు. అట్లు చూసుకొన్నచో ఆ లాభాన్ని తనకు ఇప్పించవలసినదిగా యజమాని కోరవచ్చును. పనిలో దుష్ప్రవర్తన చూపిన ఏజెంటుకు, ఆ మేరకు ప్రతిఫలం అడిగే హక్కు కూడ ఉండదు.

దీనిని మన ఊరి వ్యవహారానికి అన్వయించి చూద్దాం. ఒక రైతు తన పొలానికి ఎకరా 18 లక్షలు వస్తే చాలునని మధ్యవర్తికి చెప్పినాడు. కొనుగోలుదారు 20 లక్షలకు సిద్ధపడినాడు. ఆ తేడా రెండు లక్షలను రైతుకు తెలియకుండా తన జేబులో వేసుకొనుట తెలివి అని కొందరు భావిస్తారు. చట్టం దృష్టిలో అది రైతు సొమ్ము. ఊరి దృష్టిలో కూడ అంతే. రిజిస్ట్రేషను రోజున కాకపోయినా ఆరు నెలలకైనా ఆ మాట బయటపడుతుంది. ఆ తరువాత ఆ మధ్యవర్తి వద్దకు ఆ ఊరినుండి రెండవ వ్యవహారం రాదు.

నమోదు ఎవరికి అవసరం?

స్థిరాస్తి (నియంత్రణ మరియు అభివృద్ధి) చట్టం 2016లో వచ్చినది. దీనినే వాడుకలో 'రెరా' అంటారు. ఇందులోని ముఖ్య నిబంధనలు 2017 మే 1 నుండి అమలులోకి వచ్చినవి. ఈ చట్టం ప్రకారం, రెరా నమోదు అవసరమైన లేఅవుట్లలోని ప్లాట్లను గాని, అపార్టుమెంట్లను గాని అమ్మించే, కొనిపించే ప్రతి ఏజెంటు తన రాష్ట్రపు రెరా అధికార సంస్థ వద్ద ముందుగా నమోదు చేసుకొనవలెను.

ఇక్కడ ఒక కొలత గుర్తుంచుకొనవలెను. అభివృద్ధి చేసే స్థలం 500 చదరపు మీటర్లకు మించకపోయినా, నిర్మించే అపార్టుమెంట్లు ఎనిమిదికి మించకపోయినా ఆ ప్రాజెక్టుకు రెరా నమోదు అవసరం లేదు. 500 చదరపు మీటర్లు అనగా సుమారు 598 చదరపు గజాలు. మన పొలం లెక్కలో ఇది పన్నెండు సెంట్లకు కొంచెం పైన, లేదా దాదాపు ఐదు గుంటలు. కనుక రెండెకరాల చెలకను ప్లాట్లుగా విడగొట్టి అమ్మదలచినవాడు 'ఇది చిన్న వెంచరు, నమోదు ఎందుకు' అని చెప్పినచో ఆ మాట నమ్మరాదు.

రైతు పొలాన్ని పొలంగానే మరొక రైతుకు అమ్మించుట ఈ చట్టం పరిధిలోనికి రాదు. అక్కడ కాంట్రాక్టు చట్టం, రిజిస్ట్రేషను చట్టం, రెవెన్యూ నిబంధనలు వర్తిస్తాయి. అయినప్పటికీ, పొలాలతో మొదలుపెట్టినవారు త్వరలోనే ప్లాట్ల వైపు మళ్ళుట సాధారణం. కనుక ఆ దశ రాకముందే నమోదు చేసుకొనుట మేలు.

నమోదుకు దరఖాస్తు చేయువారు పాన్ కార్డు, ఫోటో, చిరునామా ఆధారాలు, గత మూడు సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులు, రిటర్ను దాఖలు చేయవలసిన అవసరం లేనివారైతే ఆ విషయం తెలిపే ప్రకటన సిద్ధం చేసుకొనవలెను. రుసుము, గడువు రాష్ట్ర నియమాల ప్రకారం ఉంటాయి. నమోదు ఒకసారి చేసుకొంటే శాశ్వతం కాదు; గడువు తీరకముందే పునరుద్ధరించుకొనవలెను. 2016 చట్టం ఏజెంటుకు ప్రత్యేక విద్యార్హత ఏదీ నిర్దేశించలేదు. మహారాష్ట్రలో మాత్రం అక్కడి రెరా సంస్థ 2023లో ఏజెంట్లకు శిక్షణను, పరీక్షను తప్పనిసరి చేసినది. కనుక దరఖాస్తుకు ముందు సొంత రాష్ట్రపు రెరా సంస్థ తాజా నిబంధనలను చూసుకొనవలెను.

నమోదైన ఏజెంటు పాటించవలసిన విధులు ఇవి:

1. రెరాలో నమోదు కాని ప్రాజెక్టులోని ప్లాటును గాని, ఫ్లాటును గాని అమ్మించరాదు.

2. ప్రతి వ్యవహారంలో తన నమోదు సంఖ్యను పేర్కొనవలెను.

3. ఖాతా పుస్తకాలు, పత్రాలు సక్రమంగా నిర్వహించవలెను.

4. లేని సౌకర్యాలు ఉన్నట్లు, రాని అనుమతులు వచ్చినట్లు చెప్పరాదు.

5. కొనుగోలుదారుకు రావలసిన సమాచారం, పత్రాలు అన్నీ అందేటట్లు చూడవలెను.

నమోదు లేకుండా వ్యాపారం చేసినా, ఈ విధులను ఉల్లంఘించినా రోజుకు 10,000 రూపాయల చొప్పున జరిమానా పడవచ్చును. ఇది ఆ ప్లాటు లేదా ఫ్లాటు ఖరీదులో 5 శాతం వరకు పెరగవచ్చును. ఒకటి రెండు శాతం కమీషను కోసం ఐదు శాతం జరిమానాకు సిద్ధపడుట ఏ లెక్క ప్రకారం లాభమో ఆలోచించుకొనవలెను.

కాగితాలు చదివే క్రమం

ఒక భూమి అమ్మకానికి వచ్చినదని తెలిసిన వెంటనే కొనేవాని కోసం పరుగెత్తరాదు. ముందుగా ఆ భూమి కాగితాలు చూడవలెను. చూసే క్రమం ఇట్లుండవలెను.

మొదటిది, హక్కు పత్రం. అమ్మేవానికి ఆ భూమి ఎట్లు వచ్చినది? కొన్నాడా, వారసత్వంగా వచ్చినదా, భాగపంపిణీలో వచ్చినదా, ప్రభుత్వం ఇచ్చినదా? కొన్నదైతే రిజిస్టరు దస్తావేజు, దానికి ముందరి లింకు దస్తావేజులు అడగవలెను. తెల్లకాగితం మీద వ్రాసుకొన్న సాదాబైనామా మాత్రమే ఉంటే, అది క్రమబద్ధం అయ్యేవరకు అమ్మేవానికి చెల్లుబాటయ్యే హక్కు ఉన్నదని చెప్పరాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అగ్రిమెంటు కలిపి చేసే 'జీపీఏ అమ్మకం' వలన యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పినది.

రెండవది, రెవెన్యూ రికార్డు. ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి 'మీభూమి'లో చూడవచ్చును. తెలంగాణలో 2020లో ప్రారంభమైన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చినది. పట్టాదారు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, పాసు పుస్తకంలోని వివరాలు దస్తావేజుతో సరిపోవుచున్నవో లేదో చూడవలెను. దస్తావేజులో మూడెకరాలు, రికార్డులో రెండెకరాల ముప్పై గుంటలు ఉన్నచో ఆ పది గుంటల సంగతి తేలనిదే అడుగు ముందుకు వేయరాదు.

మూడవది, భారరాహిత్య ధ్రువపత్రం, అనగా ఈసీ. సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుండి కనీసం 30 సంవత్సరాలకు తీసుకొనుట మంచిది. అయితే ఈసీ ఏమి చెబుతుందో తెలిసినంతగా, ఏమి చెప్పదో కూడ తెలియవలెను. రిజిస్టరు అయిన లావాదేవీలు మాత్రమే అందులో కనిపిస్తాయి. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, తండ్రి మరణానంతరం వారసులకు సంక్రమించిన హక్కులు, నోటిమాటగా జరిగిన పంపకాలు, కోర్టులో నడుస్తున్న వ్యాజ్యాలు అందులో కనిపించకపోవచ్చును. 'ఈసీ శుభ్రంగా ఉన్నది' అనుట, 'భూమి శుభ్రంగా ఉన్నది' అనుట ఒకటి కావు.

నాలుగవది, భూమి పరిశీలన. అమ్మేవానితో కలిసి గట్ల మీద నడవవలెను. పొరుగు రైతులను పలకరించవలెను. బాట ఉన్నదా, ఉంటే అది ఎవరి భూమిలోనుండి పోవుచున్నది, బోరు, కరెంటు కనెక్షను ఎవరి పేర ఉన్నవి, పొలం కౌలుకు ఇచ్చినారా అని అడగవలెను. సర్వే పటంతో, టిప్పన్‌తో సరిచూచి హద్దులు కొలిపించవలెను. కొలతలలో తికమక పడకుండ ఈ లెక్కలు కంఠస్థం చేయవలెను: ఎకరా అనగా 100 సెంట్లు, లేదా 40 గుంటలు, లేదా 4,840 చదరపు గజాలు. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121 గజాలు.

వారసుల విషయం

పొలం వ్యవహారాలు ఎక్కువగా చెడేది వారసుల దగ్గర. ముఖ్యంగా ఆడపిల్లల వాటా విషయంలో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం 1986లో చేసిన సవరణ ద్వారా, 1985 సెప్టెంబరు 5 నుండి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు కల్పించినది. ఆ తేదీకి ముందే వివాహమైన కుమార్తెలకు అది వర్తించలేదు. 2005 కేంద్ర సవరణ ఆ తేడాను తొలగించి దేశమంతటా కుమార్తెలను సమాన హక్కుదారులుగా చేసినది. 2005 నాటికి తండ్రి జీవించి ఉండనవసరం లేదని, ఆ హక్కు పుట్టుకతోనే వచ్చేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో తీర్పు చెప్పినది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా జరిగిన పంపకాలను, అమ్మకాలను మాత్రం ఈ సవరణ కదపదు.

కనుక పిత్రార్జిత భూమి అమ్మకానికి వచ్చినప్పుడు 'మీకు అక్కచెల్లెళ్ళు ఎందరు? వారు సంతకం చేస్తారా?' అని మొదటి రోజునే అడగవలెను. ఈ ప్రశ్న అడుగుటకు మొగమాటపడే మధ్యవర్తి, రిజిస్ట్రేషను తరువాత కోర్టు నోటీసు వచ్చినప్పుడు తప్పించుకొని తిరుగవలసి వస్తుంది. మైనరు పిల్లలకు సొంతంగా ఉన్న ఆస్తిని సహజ సంరక్షకులు కోర్టు అనుమతి లేకుండా అమ్మితే, ఆ అమ్మకాన్ని రద్దు చేయించుకొనే హక్కు ఆ పిల్లలకు ఉంటుంది. ఇటువంటి సందర్భంలో న్యాయవాది అభిప్రాయం వ్రాతపూర్వకంగా తీసుకొనుట తప్పనిసరిగా భావించవలెను.

అమ్మరాని భూములు

కొన్ని భూములు చూచుటకు ఇతర భూముల వలెనే ఉంటాయి. ధర మాత్రం తక్కువ. ఆ తక్కువ ధరే హెచ్చరిక.

భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూముల అమ్మకాన్ని 1977 నాటి అసైన్డు భూముల (బదిలీ నిషేధ) చట్టం నిషేధించినది. రెండు రాష్ట్రాలలోను తరువాత కొన్ని సవరణలు జరిగినవి గనుక, ఆ భూమికి మినహాయింపు వర్తించునో లేదో తహశీల్దారు కార్యాలయం నుండి వ్రాతపూర్వకంగా తెలుసుకొనవలెను. ఏజెన్సీ ప్రాంతాలలో 1959 నాటి భూబదిలీ నిబంధన, 1970 సవరణతో కలిపి వాడుకలో '1/70' అనబడునది, గిరిజనేతరులకు భూమి బదిలీని చెల్లనిదిగా చేసినది. అమ్మేవాడు, కొనేవాడు ఇద్దరూ గిరిజనేతరులే అయినా అది చెల్లదు. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ, సీలింగు మిగులు భూములు రిజిస్ట్రేషను శాఖవారి నిషిద్ధ జాబితాలో ఉంటాయి. సర్వే నంబరు ఆ జాబితాలో ఉన్నదో లేదో చూచుటకు ఐదు నిమిషాలు చాలును.

పొలాన్ని ఇళ్ళ స్థలాలుగా అమ్మే సందర్భంలో వ్యవసాయేతర వినియోగానికి ఆ రాష్ట్రంలో అమలులో ఉన్న అనుమతి, ప్రణాళికా సంస్థ ఆమోదించిన లేఅవుటు, రెరా నమోదు అనే మూడింటిని విడివిడిగా చూడవలెను. పంచాయతీ ముద్ర ఉన్న పటాన్ని చూపి 'అనుమతి ఉన్నది' అనుట సరిపోదు.

అసలు దస్తావేజు ఎక్కడ ఉన్నది?

ఈ ప్రశ్న బ్యాంకు రుణగ్రహీతలు, వారితో వ్యవహరించే మధ్యవర్తులు తప్పక వేసుకొనవలసినది. రైతు తన హక్కు పత్రాలను బ్యాంకులో దాఖలుపరచి రుణం తీసుకొనవచ్చును. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన పట్టణాలలో హక్కు పత్రాలను బ్యాంకుకు అప్పగించుట ద్వారానే తనఖా ఏర్పడుతుంది. ఇటువంటి తనఖా ప్రతిసారి ఈసీలో కనిపించకపోవచ్చును. అమ్మేవాడు జిరాక్సు ప్రతులు మాత్రమే చూపి 'అసలువి బీరువాలో ఉన్నవి' అన్నచో, ఆ బీరువా ఇంటిలో ఉన్నదా, బ్యాంకులో ఉన్నదా అని అడుగుట మధ్యవర్తి ధర్మం. బ్యాంకులు తీసుకొనే ఇటువంటి హామీల నమోదుకై 2011లో కేంద్ర రిజిస్ట్రీ ఏర్పడినది. 'సెర్సాయి' అనే ఆ రిజిస్ట్రీలో రుసుము చెల్లించి ఎవరైనా వెదకవచ్చును.

బాకీ ఉన్న భూమిని అమ్మరాదని కాదు. కొనుగోలుదారు చెల్లించే సొమ్ములోనుండి ముందుగా బ్యాంకు బాకీ తీర్చి, బాకీ లేదన్న పత్రం, అసలు దస్తావేజులు తీసుకొని, ఆపై రిజిస్ట్రేషను చేయించవచ్చును. ముగ్గురూ శాఖకు వచ్చి మేనేజరు సమక్షంలో మాట్లాడుకొన్నచో ఇది సాఫీగా జరుగుతుంది. దాచి చేయబోయినచోటనే చిక్కు వస్తుంది.

కమీషను, ఒప్పందం

కమీషను సాధారణంగా ఖరీదులో ఒకటి రెండు శాతం వరకు, ప్రాంతాచారాన్ని బట్టి ఉంటుంది. ఎంతైనా సరే, పని మొదలుపెట్టకముందే ఒక కాగితం మీద వ్రాసుకొనవలెను. ఎవరు ఇస్తారు, ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అనే మూడు మాటలు అందులో ఉండవలెను. ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అప్పగించిన పని పూర్తి అయ్యేవరకు ప్రతిఫలం అడిగే హక్కు ఏజెంటుకు రాదని కాంట్రాక్టు చట్టం చెబుతున్నది. బయానా రోజున సగం, రిజిస్ట్రేషను రోజున సగం కావలెనంటే ఆ మాట ముందుగానే వ్రాసుకొనవలెను. ఇరుపక్షాల నుండి కమీషను తీసుకొనేటట్లయితే ఆ సంగతి ఇరుపక్షాలకు తెలియవలెను.

బయానా వ్యాపారం అనే ఊబి

కొంతకాలం ఈ వృత్తిలో ఉన్నవారికి ఒక ఆశ పుడుతుంది. 'ఒక శాతం కమీషను ఎందుకు? నేనే బయానా ఇచ్చి అగ్రిమెంటు వ్రాయించుకొని, ఆరు నెలలలో ఎక్కువ ధరకు మరొకరికి తిప్పుతాను' అనే ఆశ. ఆ క్షణం నుండి అతడు మధ్యవర్తి కాడు, భూమి జూదరి. ఈ రెండింటి తేడాను అంకెలతో చూద్దాం.

మూడెకరాలు, ఎకరా 20 లక్షల చొప్పున 60 లక్షల వ్యవహారం అనుకొందాం. ఒక్కొక్క పక్షం నుండి ఒక శాతం చొప్పున మధ్యవర్తికి 1,20,000 రూపాయలు వస్తుంది. సంవత్సరానికి ఇటువంటివి రెండు కుదిరితే 2,40,000. పెట్రోలు, ఫోను, నకళ్ళు మొదలైన ఖర్చులు నెలకు 6,000 చొప్పున 72,000 పోగా, 1,68,000 మిగులుతుంది. సొంత సొమ్ము ఏదీ ఇరుక్కొనదు.

అదే పొలానికి అతడే 6 లక్షలు బయానా ఇచ్చినాడనుకొందాం. ఆ సొమ్ము రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. నెలకు 12,000 వడ్డీ. ఆరు నెలలకు 72,000. గడువులోగా కొనేవాడు దొరకలేదు. అగ్రిమెంటు షరతు ప్రకారం బయానా పోయినది. మొత్తం నష్టం 6,72,000 రూపాయలు. మధ్యవర్తిగా సంవత్సరానికి మిగిలే 1,68,000తో భాగిస్తే, అది సరిగా నాలుగేళ్ళ కష్టం. ఒక్క అగ్రిమెంటుతో నాలుగేళ్ళు వెనుకకు పోయినాడు.

కొనేవాడు ఎందుకు దొరకడు, ధరలు పెరుగుచునే ఉన్నవి కదా అని కొందరు అడుగుతారు. భూమి ధర ఊరిలోని పంటను బట్టి మాత్రమే నడవదు. ఎక్కడో తీసుకొనే నిర్ణయాలను బట్టి కూడ నడుస్తుంది. అమరావతిని చూడండి. రాష్ట్ర విభజన జరిగిన 2014లో రాజధాని ప్రకటన రాగానే పరిసరాలలో భూమి వ్యాపారం ఉప్పొంగినది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చినప్పుడు అది చల్లబడినది. 2024లో ప్రభుత్వం మారిన తరువాత రాజధాని పనులు తిరిగి ఊపందుకొన్నవి. సొంత భూమి ఉన్నవాడు ఈ ఐదేళ్ళు ఓర్చుకొని కూర్చొనగలడు. ఆరు నెలల అగ్రిమెంటు, నెలనెలా వడ్డీ ఉన్నవాడు కూర్చొనలేడు.

అన్నిటికంటె ప్రమాదకరమైనది, పంట రుణం సొమ్మును బయానాకు మళ్ళించుట. కిసాన్ క్రెడిట్ కార్డు సాగు కొరకు ఇవ్వబడినది. ఆ సొమ్ము విత్తనంగా, ఎరువుగా పొలంలోనికి పోతే పంటగా తిరిగి వస్తుంది. బయానాగా పోతే తిరిగి వచ్చుట ఇతరుల చేతిలో ఉంటుంది. గడువు దాటిన బాకీకి సకాల చెల్లింపు వడ్డీ రాయితీ పోతుంది. ఖాతా మొండిబకాయి అయినచో మరుసటి పంటకు అప్పు పుట్టదు. డీలర్లు తమ కంపెనీకి కట్టవలసిన సరుకు సొమ్మును ఇట్లు మళ్ళించినా ఫలితం అదే. దుకాణం, పరపతి రెండూ ఒకేసారి పోతాయి.

సొమ్ము వ్యవహారంలో జాగ్రత్తలు

బయానా సొమ్ము మధ్యవర్తి చేతి మీదుగా పోరాదు. కొనేవాని ఖాతా నుండి అమ్మేవాని ఖాతాకు నేరుగా పోవలెను. స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదుగా బయానా పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టం 2015 నుండి నిషేధించినది. పుచ్చుకొన్నవానిపై అంతే మొత్తం జరిమానా పడవచ్చును. అనగా నగదు తీసుకొని రైతు నష్టపోకూడదంటే, ఆ విషయం చెప్పవలసినవాడు మధ్యవర్తే.

రెరా నమోదైన ప్రాజెక్టులలో అమ్మకపు ఒప్పందం వ్రాసి రిజిస్టరు చేయకుండ ఖరీదులో 10 శాతానికి మించి ముందుగా తీసుకొనరాదు. 50 లక్షలు, అంతకు మించిన స్థిరాస్తి కొనుగోలులో కొనేవాడు 1 శాతం పన్ను మినహాయించి ప్రభుత్వానికి కట్టవలెను. గ్రామీణ వ్యవసాయ భూమికి ఇది వర్తించదు. కమీషను ఆదాయం సంవత్సరానికి 20 లక్షలు మించినచో జీఎస్టీ నమోదు అవసరం. కమీషనుపై పన్ను 18 శాతం.

మొదటి సంవత్సరం

ఉన్న దుకాణాన్ని గాని, సేద్యాన్ని గాని విడిచి ఈ వృత్తిలోనికి దూకరాదు. మొదటి మూడు నెలలు నేర్చుకొనుటకు కేటాయించవలెను. ఒక దస్తావేజు లేఖరి వద్ద, ఒక న్యాయవాది వద్ద కూర్చొని పాత దస్తావేజులు చదువవలెను. తరువాతి మూడు నెలలలో తన మండలంలోని నాలుగైదు గ్రామాల సర్వే నంబర్లు, నిషిద్ధ జాబితా, బాటలు, నీటి వసతి తెలిసేటట్లు తిరుగవలెను. ఆ తరువాతనే వ్యవహారాలు చేపట్టవలెను.

ప్రతి వ్యవహారానికి ఒక ఫైలు, ఒక నోటుపుస్తకం పెట్టవలెను. ఏ తేదీన ఏ కాగితం చూసినదీ, ఏ లోపం కనిపించినదీ, దానిని ఎవరికి చెప్పినదీ అందులో వ్రాయవలెను. చిన్న కార్యాలయం, కంప్యూటరు వంటి అవసరాలకు ముద్రా పథకం వంటి రుణాలు లభించునేమో శాఖలో విచారించవచ్చును. బయానా కొరకు, భూమి తిప్పుట కొరకు మాత్రం అప్పు అడుగరాదు.

కాగితంలో లోపం ఉన్నదని తెలిసి వ్యవహారం వదులుకొన్నప్పుడు కమీషను పోయినట్లు అనిపిస్తుంది. కాని ఆ రోజు ఒక కుటుంబం తన జీవితకాలపు కూడబెట్టును పోగొట్టుకొనకుండ ఆగినది. ఆ కుటుంబం ఆ మాట పదిమందికి చెబుతుంది. మధ్యవర్తికి ఊరు ఇచ్చే పరపతి అట్లు పెరుగుతుంది. ఈ వృత్తిలో నిలిచినవారు వదులుకొన్న వ్యవహారాల వలననే నిలిచినారు.

పునశ్చరణకు ప్రశ్నలు

1. పన్నెండు సెంట్లకు మించిన లేఅవుటులో ప్లాటు అమ్మించే ముందు ఏ రెండు నమోదులు చూసుకొనవలెను?

2. ఈసీలో కనిపించని నాలుగు విషయాలు ఏవి?

3. పిత్రార్జిత భూమి విషయంలో అమ్మేవానిని మొదటగా అడుగవలసిన ప్రశ్న ఏది?

4. అసలు దస్తావేజులు చూపని అమ్మకందారుతో ఎట్లు వ్యవహరించవలెను?

5. ఉదాహరణలోని మధ్యవర్తి బయానా సొమ్మును నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఉన్నచో, ఆరు నెలలలో అతని మొత్తం నష్టం ఎంత? మీ నోటుపుస్తకంలో వ్రాసి చూడండి.